గొట్టం లోపలి నలుపు

గోల్‌మురి,
12-3-1980

నాన్నగారికి నమస్కారం. ఒంట్లో కులాసాగానే ఉంది, మనసే కుదురుగా లేదు. మీకు చెప్పకుండా ఒక పని చేశాను.

మీరు చేసిచ్చిన టెలిస్కోపుతో నెల రోజులుగా సూర్యుడి ఫొటోలు తీస్తున్నాను. నల్లగా పడాల్సిన సూర్యుడి మచ్చలు బూడిదరంగులో వస్తున్నాయి. ఇత్తడి గొట్టం లోపలి మెరుపే వెలుగును అటూ ఇటూ కొట్టి ఫిల్ము మీద పడేస్తోందని తేలింది. ఆదివారం లోపలంతా నల్లరంగు పూయబోతే, గొట్టం పట్టుకున్న పక్కింటి తవిటయ్య, "ఏటమ్మా, బంగారం లాటి గొట్టానికి మసి పూసేత్తన్నారేటి? మీ నాన్న సూత్తే ఏటంటారు?" అన్నాడు. నా చెయ్యి ఆగిపోయింది. మీరు మూడు నెలలు కూర్చుని రుద్దిన మెరుపు అది. అయినా పూసేశాను.

నిన్నటి ఫొటోలో మచ్చ నల్లగా పడింది. సంతోషించాలో ఏడవాలో తెలియక రెండు కార్డులు రాసి చించేశాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి పరీక్షలెప్పుడు? పాత ఫొటోల్లో మెరుపు వల్ల పడ్డ అదనపు వెలుగు ఎంత తీసెయ్యాలో లెక్కకట్టాలి, నా లాగరిథమ్ పుస్తకం పంపండి. అమ్మకు నమస్కారాలు, చెల్లికి ఆశీస్సులు.

ఫొటో వేరే కవరులో పంపుతున్నాను. ముందు అది చూడండి, తర్వాత కోప్పడుతూ అయినా సరే, మీ చేత్తో రెండు ముక్కలు రాయండి.

మీ
రాజ్యలక్ష్మి