మూతలో పెట్టిన సర్వపిండి

లచ్చక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నేను ఇప్పటికీ ఎల్లారెడ్డిలో మన వడ్ల గోదాముకే సీజన్ పనికి వస్తున్నాను. నీకిష్టమని ఇవాళ సర్వపిండి చేసి తెచ్చాను. పల్లీలు ఎక్కువేసి, అడుగు ఎర్రగా కాల్చాను. మధ్యాహ్నం నువ్వున్నప్పటిలాగే అందరం గుండ్రంగా కూర్చున్నాం. ముందుగా ఒక ముక్క డబ్బా మూతలో పెట్టి, నిన్ను తలచుకుని, కిటికీ గట్టు మీద ఉంచాను. ఆ తర్వాతే మిగతావాళ్లకు పంచాను.

అప్పుడొచ్చాడు ఇన్‌చార్జి సారు. ఛాతీలో నొప్పి, కామారెడ్డి పోయి చూపించుకుంటానని నువ్వు బతిమాలితే, "టెంపరరోళ్లకు సెలవులేంది? బస్తాలెవరు కుడతరు?" అన్నవాడే. నువ్వు సాయంత్రం దాకా బస్తాలు కుట్టావు. ఇల్లు మాత్రం చేరలేదు.

ఆ మనిషి ఎవరినీ అడగకుండా గట్టు మీది నీ ముక్క తీసుకుని కొరికాడు.

"మస్తుగుంది. ఎవరు చేసిండ్రు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అది సచ్చిపోయిన లచ్చక్కకు పెట్టింది సార్" అన్నాను.

నమిలే నోరు ఆగిపోయింది. బయటికి పరుగెత్తి ఉమ్మేసి, రెండుసార్లు పుక్కిలించి వచ్చాడు. నువ్వు గుర్తొచ్చి కాదక్కా, తనకేమైనా అవుతుందన్న భయంతో.

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా?" అని నా మీదే గుడ్లురిమాడు.

"ఆమె గూడ ముందుగాలనే చెప్పింది సార్" అన్నాను.