పని బీడీ

ఖమ్మం,
ఏప్రిల్ 28

ప్రియమైన ఖాలిద్ గారికి,

సలాం. ఈ సంచి హరిలాల్ చేత పంపుతున్నాను. గోనె సంచులు వేసుకుని అతని వ్యాను వారానికి రెండు మూడుసార్లు బీడీల తునికాకు ఎండబెట్టే మీ కల్లానికి వస్తుందట. ఈ సీజను అయ్యేదాకా మన పోస్టాఫీసు అదే. అడవిలో మీ ఫోను ఎలాగూ మోగదు. ఎదురుగా ఉంటే మీరు నన్ను మాట పూర్తి చేయనివ్వరు, కాగితం మీద ఆ ఇబ్బంది లేదు. చివరిదాకా చదవండి.

మీరు వెళ్లిన మర్నాడు మీ తెల్ల చొక్కా ఉతకబోతే జేబులో డాక్టరు చీటీ దొరికింది. నాలుగు మడతలు వేసి పెట్టారు. "మందు ఏం రాయలె, బీడీ మానెయ్యమన్నడు, గంతే" అని కదా మీరు నాతో చెప్పింది. చీటీ వెనక మెడికల్ షాపు వాడు పెన్సిలుతో ధర కూడా రాశాడు. అంటే వెళ్లారు, అడిగారు, విన్నారు, మడిచి జేబులో పెట్టుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ధర చూశాక కోపం సగం దిగింది. వారం రోజుల మందుకు నేను ఐదు బ్లౌజులు కుట్టాలి. డాక్టరు రాసింది మూడు నెలలకు.

కానీ మీ ఎడమ కాలి చిటికెన వేలు నేను చూశాను. మీరు చూపించలేదు, వెళ్లే ముందు రోజు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే మేజోడు లాగి చూశాను. వంకాయ రంగులో ఉంది. డాక్టరు దగ్గరికి నేనే వెళ్లి అడిగాను. "బీడీలు తాగేటోళ్లకు కాళ్లల్ల రక్తం పోయే దారులు మూసుకపోతయమ్మా. మొత్తం ఆపితే జబ్బు ఆడికే ఆగుతది. ఆపకుంటే ముందు వేలు, తర్వాత పాదం" అన్నాడు. మీరు ఏడు కల్లాలు కాలినడకన తిరిగే మనిషి. ఆ మాట విన్నాక అన్నం సయించలేదు నాకు.

మర్నాడు నాలుగు మెడికల్ షాపులు తిరిగాను. ఒకతను, "ఇది ఎవ్వరు కొనరు, తెప్పియ్యాలె" అన్నాడు. ఇంకొకతను, "బీడీ మాన్పియ్యడానికి గింత ఖర్చు ఏంది చెల్లె" అని నవ్వాడు. ఏడుపొక్కటే తక్కువ. చివరికి పెద్ద దవాఖానాలో మందులిచ్చే కిటికీ దగ్గర ఒక నర్సమ్మ చీటీ చూసి, "పైన ఉన్నది కంపెనీ పేరు. గది చెప్పి అడిగితే గంతే చెప్తరు. కింద చిన్నగ ఉన్నది అసలు మందు పేరు. జనరిక్ షాపుల గా పేరు చెప్పి అడుగు" అంది. బస్టాండు దగ్గర చిన్న షాపులో దొరికింది. నెల మందుకు మూడు బ్లౌజులు. రెండూ ఒకటేనా అని డాక్టరుకు చూపించాకే డబ్బు కట్టాను. మీకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా అని ఆయన మళ్లీ అడిగాడు. లేదన్నాను. వచ్చి ఉంటే అదైనా దాచకుండా చెప్పండి, ఈ మందు వేసుకోకూడదట.

ఎలా వేసుకోవాలో వేరే కాగితం మీద రాశాను. మొదటి వారం బీడీ తాగుతూనే వేసుకోవచ్చట. ఎనిమిదో రోజు నుంచి ఒక్కటి కూడా వద్దు. మొన్న రంజాన్ నెలంతా ఇఫ్తార్ దాకా మీరు ముట్టలేదు. నియ్యత్ పెట్టుకుని గట్టిగా అనుకుంటే మీకు చేతనవుతుంది.

మామిడికాయ పచ్చడి కూడా ఉంది సంచిలో. మన పెళ్లయ్యాక మీరు ఉప్పు లేదని అనని పూట లేదు కాబట్టి ఈసారి ఇంకో గుప్పెడు వేశాను.

మీ కాలి కోసం దువా చేస్తూ,
సాదియా

*

కల్లం,
మే 12

ప్రియమైన సాదియాకు,

తిట్లు అందాయి, మందు అందింది, పచ్చడి అందింది. నువ్వు కొత్తగా కుట్టి ఎనిమిదిన పంపిన నీలం చొక్కా కూడా ఆ సాయంత్రమే అందింది. సరిగ్గా సరిపోయింది. అందరూ అడుగుతున్నారు, పెళ్లికొడుకువా ఏంది అని.

చీటీ దాచింది నిజమే. ఐదు బ్లౌజులంటే నీ మెడ నొప్పి ఎంతో నాకు తెలుసు. నా బీడీకి నీ మెడ ఎందుకు విరగాలి అనుకున్నాను. మూర్ఛ నాకు ఎప్పుడూ రాలేదు, వచ్చిందల్లా నీ ఉత్తరం చదివినప్పుడే.

ఆకు బాగా వస్తోంది. పొద్దున్నే అడవిలోకి వెళ్లినవాళ్లు పదింటికల్లా మోపులతో దిగుతారు. యాభై ఆకులకు ఒక కట్ట కట్టి ఎండలో పరుస్తారు. పరిచిన కట్టలు తిరగేసే పని చాందిది. తండా నుంచి వస్తుంది, యాభై దాటిన మనిషి. నోరు మాత్రం ఊరుకోదు. "సాబ్, గీ కట్ట నీకు నచ్చినా గోదాముకు నచ్చది" అంటుంది. ఇరవై రెండేళ్లుగా ఆకు చూసి పాస్ చేస్తున్న చెకర్‌ని నేను. నవ్వి నా దారిన పోతాను.

మందు ముప్పైయో తారీఖున మొదలుపెట్టాను. నోరు ఎండిపోతోంది, నిద్ర పలచబడింది. డాక్టరు అవి మామూలే అన్నాడని నువ్వు రాశావు కాబట్టి ఊరుకున్నాను. అయితే ఒకటి చెప్పాలి. ఆరో రోజు బీడీ ముట్టించి సగంలో పారేశాను, ఎందుకో తాగబుద్ధి కాలేదు. నా జన్మలో సగం బీడీ పారేసింది అదే మొదలు. ఏడో తారీఖున జేబులో కట్ట, అగ్గిపెట్టె తీసి హరిలాల్‌కు ఇచ్చేశాను. ఆ రోజు నుంచి నా సరదాకు ఒక్క బీడీ ముట్టించలేదు. అల్లా సాక్షి.

మాసిన చొక్కాలు పంపుతున్నాను. పచ్చడి బాగుంది. ఉప్పు కొంచెం తగ్గింది.

నీ ఖాలిద్

*

ఖమ్మం,
మే 15

ఖాలిద్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. కొలతలు ఇవ్వడానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పాను, మా ఆయన బీడీ మానేశాడని. ఒకావిడ తన భర్తకు కూడా డాక్టరు దగ్గర అడుగుతానని ఆ మందు పేరు రాసుకుని వెళ్లింది.

తర్వాత చొక్కాలు నీళ్లలో వేయబోయాను. నీలం చొక్కా కుడి చేతి అంచున కాలిన చిల్లు ఉంది. మినపగింజంత. నిప్పురవ్వ పడితే గుడ్డ ఎలా కాలుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మీ చొక్కాలకు అలాంటివి ఎన్ని అతికానో. మీరు బీడీ మానింది ఏడున. ఆ చొక్కా మీ చేతికి వచ్చింది ఎనిమిదిన.

మీరు నా దగ్గర దాస్తారు కానీ అబద్ధం ఆడరు. అల్లా పేరెత్తి అసలే ఆడరు. మరి ఈ చిల్లు ఏంది? దీనికి జవాబు వచ్చేదాకా అది అతకను.

సాదియా

*

కల్లం,
మే 17

ప్రియమైన సాదియాకు,

నేను అబద్ధం ఆడలేదు. ఆ చిల్లు పని బీడీది.

నా పని ఏంటో నీకు తెలుసు కానీ ఎలా చేస్తానో నువ్వెప్పుడూ చూడలేదు. ప్రతి కల్లంలో ఆకు ఆరాక ఒక ఆకు తీసి, పొగాకు పొడి వేసి చుట్టి, ముట్టించి చూస్తాను. నిప్పు సమంగా పాకుతుందా, మధ్యలో ఆరిపోతుందా, గొంతులో గరగర ఉందా, నాలుక మీద చేదు నిలుస్తుందా. మా అబ్బా ఇలాగే చూసేవాడు. ఏడు కల్లాలకు ఏడు బీడీలు. వాటిని తాగడం అనరు.

నువ్వే ఆలోచించు. రంజాన్‌లో రోజా ఉండి వంట చేసే మనిషి నాలుక చివర ఉప్పు చూస్తుంది. రోజా పోతుందా? పోదు. పని కోసం రుచి చూడటం వేరు, ఆకలి తీర్చుకోవడం వేరు. నాదీ అంతే. నియ్యత్ అని నువ్వే రాశావు కదా. నా నియ్యత్‌లో ఎక్కడా తేడా లేదు.

పైగా ఇది మానేస్తే నన్ను కాంట్రాక్టరు ఎందుకు ఉంచుకుంటాడు? పదేళ్ల పైనే అయింది, నేను పాస్ చేసిన ఆకు గోదాము నుంచి ఒక్కసారీ తిరిగి రాలేదు. నాకు చదువు లేదు, పొలం లేదు, ఉన్నది ఈ నాలుకే. మన ఇల్లు దాని మీదే నడిచింది.

ఒకటి దాచకుండా చెబుతాను. చిటికెన వేలి పక్క వేలు కూడా రంగు మారింది. నిన్న నాలుగో కల్లం దగ్గర నడవలేక కూర్చుండిపోయాను. మందు పనిచేయడం లేదేమో. నీ కష్టం వృథా అవుతోందని బాధగా ఉంది.

ఖాలిద్

*

ఖమ్మం,
మే 19

నా ఖాలిద్ గారికి,

ఉప్పు చూసే మనిషి మింగదు. నాలుక చివర పెట్టుకుని ఉమ్మేస్తుంది. పోయిన నెల మీ కళ్ల ముందే ఎన్నిసార్లు ఉమ్మేశాను. మీరు పొగను ఉమ్మేస్తున్నారా? పీల్చకుండానే గొంతులో గరగర తెలుస్తుందా?

మీ ఉత్తరం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. సిగ్గుపడుతూనే చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. "కాలికి సరదా బీడీ ఏదో, పని బీడీ ఏదో ఎట్ల తెలుస్తదమ్మా? దినానికి ఒక్కటి తాగినా ఈ జబ్బు ఆగది. మందు పని మందు చేస్తున్నది. లేకుంటే దినానికి రెండు కట్టలు తాగేటాయన ఏడు బీడీలకు దిగిండా?" అన్నాడు. పుండు పడితే ఒక్క రోజు కూడా ఆగకుండా భద్రాచలం దవాఖానాకు వెళ్లమన్నాడు.

మీ నాలుకను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఒకటి అడుగుతాను. ఏ కట్ట పనికిరాదో చాంది ముందే చెబుతుందని మీరే రాశారు. ఆవిడ బీడీ తాగుతుందా? తాగకపోతే దేన్ని చూసి చెబుతోంది? ఎప్పుడైనా అడిగారా?

రెండో నెల మందు పంపుతున్నాను. ఇది వేసుకుంటూ ఆ ఏడూ తాగేటట్టయితే వెనక్కి పంపేయండి. కోపం రాదు, ఏడుపు వస్తుంది, అంతే. ఉద్యోగం పోతే పోనివ్వండి. రెండు కాళ్లతో ఇంటికి రండి. నా మిషను పక్కన కూర్చుని హుక్కులు కుట్టండి, నేను నేర్పిస్తాను. నాకు చెకర్ వద్దు, మీరు కావాలి.

మీ సాదియా

*

కల్లం,
జూన్ 3

ప్రియమైన నా సాదియాకు,

రెండు వారాలు జవాబు రాయలేదు. వచ్చినప్పుడల్లా హరిలాల్, "అక్క మొఖం చూడలేకపోతున్న సాబ్, నాలుగు ముక్కలు రాయి" అని బతిమాలాడు. ఒక సంగతి తేలకుండా రాయకూడదనుకున్నాను.

మందు నేను వెనక్కి పంపలేదని గమనించే ఉంటావు.

నీ ఉత్తరం చదివి కోపంతోనే చాందిని పిలిచాను. ఏడు కల్లాల నుంచి పది కట్టలు తెప్పించి ముందు పెట్టి, ఏది మంచిదో చెప్పమన్నాను. అవన్నీ ముందు రోజు నేను బీడీ చుట్టి పాస్ చేసిన లాట్లలోవే. ఆమె ఒక్కో కట్టలో ఒక ఆకు లాగి, బొటనవేలితో మడిచి, వదిలి చూసింది. "మంచాకు మడిచి ఇడిస్తే మళ్ల లేస్తది సాబ్. గిది లేస్తలేదు, లోపల తడి ఉన్నది" అని మూడు కట్టలు పక్కన పడేసింది. బీడీ తాగుతావా అని అడిగాను. "థూ, గా వాసన నాకు పడది" అంది.

నేను ఒప్పుకోలేదు. ఆ మూడింటికీ గుర్తు పెట్టి మిగతా వాటితో పాటు బూర్గంపాడు గోదాముకు పంపాను. అది తేలేదాకా నీ మాట మీద బీడీ ముట్టించకుండా, ఆమె తీసేసిన కట్టలు తీసేస్తూ పాస్ చేశాను. వారానికి కబురు వచ్చింది. ఆ మూడింటికే బూజు పట్టింది.

మరి ఇన్నేళ్లు నా ఆకు ఎందుకు తిరిగి రాలేదని చాందిని అడిగాను. చేతిలో ఉన్న కట్ట తిరగేసి ఎండలో పెట్టింది. తర్వాత చెప్పింది. నేను పాస్ చేసి పక్క కల్లానికి వెళ్లాక, సంచులు కుట్టే ముందు చెడ్డ కట్టలు తనే తీసి పారేసేదట. మిగతా కల్లాల్లో ఉన్న తండా ఆడవాళ్లకు కూడా నేర్పిందట. పదకొండేళ్ల నుంచి. "లాటు వాపస్ వస్తే మా అందరి కూలి కోస్తరు. నీకు చెప్తె నువ్వు ఇనవు. ఇంక ఏం చెయ్యాలె?" అంది. నేను పని బీడీ అని గర్వంగా పీల్చిందంతా దేనికీ పనికిరాలేదు, సాదియా.

కాంట్రాక్టరు వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఇంటికి పంపిస్తాడనే అనుకున్నాను. ఆయన చాంది చేత ఇంకో పది కట్టలు చూపించుకుని, ఆకు ఆమె చూస్తుంది, రిజిస్టరు నువ్వు రాయి అన్నాడు. ఇప్పుడు ఆమెకు కూడా చెకర్ కూలి. ఆమె చెబుతుంది, నేను రాస్తాను. మధ్యలో నన్ను తిడుతుంది కూడా.

మే ఇరవై ఒకటి నుంచి ఒక్క దమ్ము లేదు. సరదాది లేదు, పనిది లేదు. మొదటి మూడు రోజులు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సోంపు నములుతూ తిరిగాను. మందు తప్పలేదు. వేలి దగ్గర చిన్న పుండు పడితే ఆ రోజే భద్రాచలం వెళ్లి కట్టు కట్టించుకున్నాను. ఇప్పుడు ఆరుతోంది. రెండో వేలి రంగు తిరిగి వస్తోంది. చిటికెన వేలి సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇలాగే ముట్టకుండా ఉంటే పాదం నిలబడుతుందని గట్టిగానే చెప్పారు. నిన్న నాలుగో కల్లం దాకా ఆగకుండా నడిచాను.

ఇంకొక్క మాట. మొన్న మధ్యాహ్నం అన్నంలో నీ పచ్చడి కలుపుకున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. ఒకటే ఉప్పు. పాడైందేమోనని చాందికి కొంచెం పెట్టాను. "ఏంది సాబ్, మీ ఇంటామెకు ఉప్పు ఎంత ఎయ్యాలెనో తెల్వదా?" అంది.

నీకు తెలుసు. బీడీ పొగకు చచ్చింది నా నాలుక. దానికి సరిపోవాలని నువ్వు ఏటేటా ఒక గుప్పెడు పెంచుకుంటూ వచ్చావు. అదే కూర నువ్వూ తిన్నావు, ఒక్కనాడూ పైకి అనలేదు. ఉప్పు లేదని నేను సణిగిన ప్రతి పూటకూ నన్ను మాఫ్ చేయి.

బక్రీద్‌కు ముందు రోజు వస్తున్నాను. బస్టాండుకు రావద్దు, ఇంటికి నడిచే వస్తాను. ఆ పూట కూరలో నీకు ఎంత ఉప్పు ఇష్టమో అంతే వేసి వండు. అది ఎంతో నేను ఇంతవరకూ తెలుసుకోలేదు.

రెండు కాళ్లతో వస్తున్న
నీ ఖాలిద్