స్టేజీకి వీపు పెట్టి పాట వినే పని

మెయిరియన్,

మటన్ కౌల్ సూపు పొయ్యి మీద ఉంది. సన్న సెగ మీద వేడి చేసుకో, నిన్నటిలా అడుగంటనివ్వకు. కుక్కను ఒకసారి బయటికి తిప్పు.

నేను స్టేడియంలో కాపలా పనికి వెళ్తున్నాను. పసుపు కోటు ఇచ్చారు. ముందే చెబితే వద్దంటావని చెప్పలేదు. పెళ్లికి ముందు నుంచీ మనం వింటున్న బ్యాండు ఈ రాత్రి అక్కడ పాడుతోంది, కార్డిఫ్‌కు మళ్లీ వస్తుందో రాదో. కంప్యూటర్‌లో క్యూలో చేరినప్పుడు టికెట్టు ఎనభై పౌండ్లు. నా వంతు వచ్చేసరికి రెండువందల పది. టికెట్ల కంపెనీకి ఫోన్ చేసి అడిగాను.

"గిరాకీని బట్టి ధర మారుతుందండీ" అంది ఆ పిల్ల.

"నా పింఛను కూడా అలాగే మారుతుందా తల్లీ?" అన్నాను. ఫోన్ పెట్టేసింది.

కాపలావాళ్లు జనం వైపే చూడాలట. "స్టేజీ వైపు తిరిగారో, ఇంటికి పంపించేస్తా" అన్నాడు మా సూపర్‌వైజరు. కంపెనీలు కొన్న ముందు వరసలు నాకు అప్పజెప్పాడు. ఆ టికెట్లవాళ్లు సగంమంది రారట. "కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే, వెనకవాళ్లను మాత్రం కూర్చోనివ్వకండి" అన్నాడు. సరేనన్నాను. మనలాంటివాళ్లను తరమడానికి నాకు కూలి ఇస్తున్నారు. ఆ కూలికి సగం టికెట్టు కూడా రాదు.

ఎలునెడ్

అన్నట్టు, తిన్నాక స్టేడియం వెనక నది గట్టుకు రా. పాట అక్కడిదాకా వినిపిస్తుందట. మడత కుర్చీ, స్వెట్టరు తెచ్చుకో. "గోడ బయట నిలబడి వినడానికి నేనేం బిచ్చగాడినా" అని మొండికెయ్యకు. లోపలున్నా ఆ బ్యాండువాళ్ల ముఖాలు నాకూ కనిపించవు.