లైవ్‌లో బోరింగు కొట్టిన నాయకుడు

మంగళవారం, రాత్రి.
మిరపకాయలు ఎండబోసి ఎత్తాను. అంట్లు సగమే తోమాను. సాయంత్రం దాకా నీళ్లు లేక బట్టలు ఉతకలేదు.

ఎండలు ముదిరినప్పటి నుంచి మా వాడకట్టు బోరింగు పాడైపోయి ఉంది. పొద్దున మా వార్డు నాయకుడు, బాగు చేయించానని చూపించుకోవడానికి దాన్ని కొడుతూ ఫేస్‌బుక్‌ లైవ్ ఇవ్వడానికి వచ్చాడు. వీడియో తీసేవాళ్లు ముందే దాని పైనుంచి లోపలికి క్యాన్ల నీళ్లు పోశారు. అలా పోస్తే కాసేపు ధార వస్తుంది, అంతే.

ఆయన గ్లాసు నింపి నాకిచ్చి, "తాగమ్మా, మీ కష్టం తీరింది" అన్నాడు.

నేను బోరింగు కింద పెద్ద బిందె పెట్టాను. "గ్లాసెడు ఏం సరిపోతయి సారూ? గీ బిందె నింపుండ్రి, అందరు చూస్తున్నరు గదా!"

కొట్టాడు. కాసేపటికే ధార ఆగింది.

"ఇంకా గట్టిగ కొట్టుండ్రి సారూ, బిందె సగం గూడ కాలే!" అంది ఎదురింటి ఫాతిమా. ఆడవాళ్లందరం పకపకా నవ్వాం. లైవ్ మధ్యలో ఆపితే ఇంకా పరువు పోతుంది. చెమట తుడుచుకుంటూ అక్కడే మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

సాయంత్రానికి కొత్త వాషర్లు వేశారు. ఎంత కొట్టినా నీళ్లే!

కోపంతో ఆ నాయకుడు మా అత్తమ్మ పింఛను ఆపిస్తాడేమో... ఆపితే మళ్లీ లైవ్‌కి రానీ, చెప్తా.

నిన్న ఫాతిమా తన డ్రమ్ములోంచి అప్పిచ్చిన బిందెడు నీళ్లు ఇప్పుడే తిరిగి పోసి వచ్చాను. బాకీ చెల్లు.