తలుపు లోపలి గీతలు

శనివారం, టార్నీట్

వరదకు ముర్రే నదిలో మునిగిపోయిన హౌస్‌బోటును ఇవాళ పైకి తేల్చారు. మునిగి ఉన్నదాన్నే కొన్నప్పటినుంచీ రవి ఎదురుచూసింది ఈ రోజు కోసమే. పంపులు నీళ్ళు తోడుతుంటే ముందు పైకప్పు, తర్వాత కిటికీలు కనిపించాయి. రవి, కీర్తి చప్పట్లు కొట్టారు. మాకు దాన్ని అమ్మిన ముసలాయన జిమ్ కూడా గట్టు మీద నిలబడి చూశాడు.

నేనూ రవీ లోపలికి వెళ్ళాం. అంతా బురద. వంటగది తలుపు వెనక కుక్క ఎముకలు, దాని మెడ బెల్టు. తలుపు లోపలివైపు గోళ్ళతో గీరిన గీతలు, నా నడుము ఎత్తు దాకా.

వరద రోజు తన కుక్క ఎటో పారిపోయిందని బోటు అమ్మేటప్పుడు జిమ్ మాతో అన్నాడు. బెల్టు తెచ్చి చూపిస్తే అక్కడే కూలబడ్డాడు.

"నీళ్ళలోకి దూకేస్తుందని తలుపేశాను. వాళ్ళనీ వీళ్ళనీ పిలుచుకుని వెంటనే వచ్చేద్దామనుకున్నా. పోలీసులు రానివ్వలేదు," అన్నాడు.

రవి గట్టున గొయ్యి తీసి ఎముకల్ని పూడ్చాడు.

కారులో కీర్తి అడిగింది. "అమ్మా, డిడ్ ఇట్ థింక్ హీ వాజ్ కమింగ్ బ్యాక్?"

"పడుకో నాన్నా," అన్నాను. పడుకోలేదు.

ఇంటికొచ్చాక రవి, "గీతలదేముంది, సాండ్‌పేపర్‌తో రుద్ది పెయింట్ వేస్తే పోతాయి," అన్నాడు.

"ఆ తలుపు నాకొద్దు రవీ."

 సెలవులకు ఆ బోటులోనే ఉంటామని కీర్తికి మాటిచ్చాం. నాకు అందులో నిద్ర పడుతుందా?

జిమ్ ఒక్కడే ఉంటాడు. ఇందాక ఫోన్ చేశాను. మళ్ళీ చేశాను. ఎత్తడం లేదు. ఎత్తితే ఏం చెప్పాలో కూడా నాకు తెలీదు.