అంచు మీద గీటు

కార్యదర్శి పదవిలో ఊపిరాడని అబ్బాయికి, గడియారాల బాబాయి దీవెనలు.

వచ్చే ప్రదర్శనలో సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బాల్లోని నాణేలే అమ్మాలని మన నాణేల సంఘంలో తీర్మానం పెడుతున్నావట. నా ఓటు వద్దనే. నీది మందుల షాపు, మూత కదిలితే నీకు నమ్మకం పోతుంది. నాణెం మాత్ర కాదు నాయనా, చేత్తో పట్టుకోవాలి. అన్నట్టు, అద్దాల బల్లలో పెడతానని మనిషిని పంపి నా వెండి నాణెం తెప్పించుకున్నావు. రెండు రోజులన్నావు, ఇరవై రోజులైంది. పంపించు.

ఇట్లు, నీ బాబాయి.

తా.క. పోయినసారి హాజరైన వాళ్ళకంటే ఓట్లు రెండు ఎక్కువొచ్చాయి. ముందు ఓట్ల పెట్టెకి సీలు వెయ్యి.

---

పూజ్యులైన బాబాయి గారికి నమస్కారాలు.

తీర్మానం నెగ్గింది. మీరు మోకాళ్ళ నొప్పులని రెండేళ్ళుగా సమావేశానికి రాకుండా ఇంట్లోంచే పుల్లలు పెడుతున్నారని కొందరన్నారు. నేను మాత్రం అసలు సంగతి కనిపెట్టాను. మీ నాణెం అంచున గీటుంది. డబ్బా మీద చీటీలో ఆ లోపం రాస్తారని మీ సంకోచం. ఇక బెంగ వద్దు, అంతా నేను చూసుకున్నాను. సంఘం తరఫున మీ నాణేనికి సీలు వేయించాను. నూరేళ్ళయినా గాలి తగలదు. డబ్బా పగలగొట్టిన సభ్యుణ్ణి తీసేయాలని కూడా తీర్మానించాం.

ఇట్లు, మీ మేలు కోరే కార్యదర్శి.

తా.క. మీ అక్షరాలు మునుపటికంటే గుండ్రంగా ఉన్నాయి. కోపంలో దస్తూరీ బాగుపడటం మీకే చెల్లింది.

---

అబ్బాయీ,

దీవెనలు తర్వాత. ముందు డబ్బా పగలగొట్టు.

నేను రానిది మోకాళ్ళ వల్ల కాదు. నాకు చూపు పోయింది. నలుగురూ జాలిపడతారని చెప్పలేదు. ఆ గీటు మావాడు ఎనిమిదేళ్ళప్పుడు నా ఆకురాయితో గీశాడు. నాణెం పాడుచేశాడని చెంప వాచేలా కొట్టాను. నెల తిరక్కుండా జ్వరంతో పోయాడు. వాడి ఫొటో గోడకుంది, నాకిప్పుడు కనబడదు. లేవగానే బొటనవేలి గోరు ఆ గీటులో పెడితే తప్ప నాకు తెల్లవారదు. డబ్బాలో ఉంటే ఏం తడమను?

బాబాయి.

తా.క. ఆ గుండ్రటి దస్తూరీ పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడది. నువ్వు పొగిడిన దగ్గర్నుంచీ ఇంకా గుండ్రంగా రాస్తోంది. ఈ ఉత్తరం మాత్రం మధ్యలో రెండుసార్లు ఆపేసింది.

---

బాబాయి గారికి, ముఖం చెల్లక రాస్తున్నాను.

డబ్బా నేనే సుత్తితో పగలగొట్టాను. రాజీనామా ఇచ్చాను. కానీ ఒకటి చెప్పక తప్పదు. సీలుకి పంపే ముందు, మీకు మాట రాకూడదని, ఆ గీటు కంసాలి చేత పూడ్పించేశాను. ఇవాళ మళ్ళీ గీయమని వెళితే, ఎక్కడ, ఎంత లోతు అని అడిగాడు. మీరు చెబితే గీయిస్తాను.

ఇట్లు, మాజీ కార్యదర్శి.

తా.క. ఎక్కువొచ్చిన ఆ రెండు ఓట్లూ నావే. అదీ ఒప్పుకుంటే మనసు తేలికవుతుందేమో అనుకున్నాను. కాలేదు.

---

నాయనా, దీవెనలు.

కంసాలిని ఇబ్బంది పెట్టకు. నాణెం ఉన్నదున్నట్టు పంపు. నువ్వు నా మంచికే చేశావు. నేనూ ఆ రోజు వాడి మంచికే అనుకున్నాను.

నీ బాబాయి.

తా.క. గీటు లేని నాణెం చేతిలో ఉంటే, ఒక్క నిమిషమైనా, నేను వాణ్ణి కొట్టలేదనుకోవచ్చు.