నల్లగా కనిపించే మంచు

అవ్వా,

ఫోనులో నువ్వు ఏడుస్తుంటే నేను చెప్పేది నీకు వినబడదు. అందుకే రాస్తున్నాను. “సారును మాఫీ అడుగు బిడ్డా, నౌకరీ పోతే ఎట్ల?” అన్నావు. అడగను.

జరిగింది ఇదీ. హిమాలయాల్లో మంచునదులు ఎక్కడిదాకా ఉన్నాయో, ఉపగ్రహం తీసిన చిత్రాలు చూసి గీత గీయడం ఈ ఆఫీసులో నా పని. ఒక మంచునది కొస మీద రాళ్లూ మట్టీ పరుచుకుని నల్లగా ఉంది. అది ఉత్త రాతినేల, గీత చెరిపెయ్యి అన్నారు సారు. చెరిపితే, కింది ఊరికి పైన మంచే లేదని రిపోర్టు పోతుంది. అది కరిగి వరదొస్తే ముందుగా చెప్పే దిక్కుండదు.

పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ రాళ్లన్నీ కిందికి జరిగాయి. అడుగున మంచు కదలకపోతే రాళ్లెలా నడుస్తాయి? “మీ సిరోంచలో మంచు ఎప్పుడు చూశావు?” అని అందరి ముందూ నవ్వారు. చూడలేదు. కానీ ఆ రిపోర్టు మీద సంతకమూ పెట్టలేదు.

ఎండాకాలం ప్రాణహిత ఇసుకలో మనం చెలిమె తోడేవాళ్లం. పైన ఇసుకకు కాళ్లు కాలేవి, మోచేతి లోతులో నీళ్లు ఊరేవి. పైన ఎండిపోయిందని నువ్వు ఏనాడైనా ఖాళీ బిందెతో ఇంటికొచ్చావా? అలాంటి రోజు ఒక్కటి చెప్పు. ఆ పూటే మాఫీ అడుగుతాను.

నీ బిడ్డ